అరచేతి తెర – విద్యార్థి కాయకము

ఉపకరణము మంచిదా, చెడ్డదా అని వాదించుట లోకములో పాత అలవాటు. తాటాకు పోయి కాగితము వచ్చినప్పుడును, చేతివ్రాత పోయి అచ్చు వచ్చినప్పుడును, రేడియో ఇంటింటికి చేరినప్పుడును ఇట్టి వాదములు జరిగినవి. నేడు తరగతి గది గోడకెక్కిన తెరను గూర్చియు, బాలబాలికల అరచేతిలోనికి వచ్చిన స్మార్ట్‌ఫోనును గూర్చియు అదే వాదము నడచుచున్నది. ఒకరు దానిని కల్పవృక్షమందురు; మరియొకరు కాలకూటమందురు. బసవ ధర్మములో పెరిగినవారికి ఈ రెండు మాటలును చాలవు. కల్యాణమున శరణులు ఏ వస్తువునుగాని, ఏ వృత్తినిగాని ఇది ఉత్తమము, ఇది అధమము అని పుట్టుకనుబట్టి విడదీయలేదు. వారు వేసిన ప్రశ్న వేరు: చేయువాడు తన కాయకమును తాను చేయుచున్నాడా, లేక మరొకరిచేత చేయించుకొని ఫలమును మాత్రము తాను తినుచున్నాడా? బడిలోని తెరను గూర్చియు అడుగవలసిన ప్రశ్న ఇదియే.

నల్గొండ నుండి మిర్యాలగూడకు పోవు దారిలో, అద్దంకి – నార్కెట్‌పల్లి రహదారిపై మాడుగులపల్లి యున్నది. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాలను పునర్విభజించినప్పుడు ఇది మండల కేంద్రమైనది. దూరపు ప్రయాణికులకు ఈ ఊరి పేరు తెలిసినది టోల్‌గేటు వలన. అచట ఇప్పుడు రూపాయలు చేతులు మారుట అరుదు. బండి అద్దమునకు అంటించిన చిన్న పట్టీని యంత్రము చదివి, యజమాని ఖాతానుండి సొమ్ము తీసికొని, అడ్డుకొయ్యను పైకెత్తును. డిజిటల్ లోకము ఈ పల్లెలకు ఎంత చేరువైనదో చెప్పుటకు ఈ గేటొక్కటి చాలును. కాని బండిని గేటు దాటించుటకును, బాలుని తరగతి దాటించుటకును భేదమున్నది. బండి విషయమున మనిషి పనిని యంత్రము చేసినచో నష్టము లేదు; కాలము కలిసివచ్చును. చదువు విషయమున ఆ పనియే చదువు. చదువుట, తడుముకొనుట, తప్పుచేయుట, దిద్దుకొనుట, మరల వ్రాయుట – ఇవి చదువునకు అడ్డములు కావు, ఇవియే చదువు. వీనిని యంత్రము చేసిపెట్టినచో గేటు తెరచుకొనును. లోపలికి పోయినవాడు మాత్రము ఎవడును ఉండడు.

తెర ఈ ప్రాంతపు పిల్లల చదువులోనికి నిజముగా ప్రవేశించినది ఒక ఆపద కాలమున. 2020 మార్చి మధ్యలో కరోనా కారణమున తెలంగాణలోని బడులు మూతపడినవి. ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీ నుండి ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు, 3వ తరగతి మొదలు 10వ తరగతి వరకు, దూరదర్శన్ యాదగిరి ద్వారాను, టి-సాట్ ద్వారాను పాఠములు ప్రసారము చేయసాగిరి. 2021 ఫిబ్రవరి 1న 9, 10 తరగతులకు బడులు తెరచిరి. మార్చి నెలలోనే మరల మూసిరి. ఆ ఏడు సెప్టెంబరు 1న గాని తిరిగి తెరువలేదు. పిల్లల వయస్సుతో పోల్చిన అది చిన్న కాలము కాదు. రెండవ తరగతిలో ఇంటికి పోయిన బిడ్డ, అక్షరములు కూడబలుక్కొను ప్రాయమంతయు ఇంటివద్దనే గడిపి, నాలుగవ తరగతి బల్లపై వచ్చి కూర్చున్నది.

ఆ రోజులలో ఇంటిలో టి.వి. లేని పిల్లలను, ఉన్నవారి ఇండ్లతోగాని గ్రామపంచాయతీలోని టి.వి.తోగాని జతపరచవలెనని ఉపాధ్యాయులకు సూచన ఇచ్చిరి. పేరు పెట్టకున్నను అది దాసోహమే. తన ఇంటిలోని అన్నమువలెనే తన ఇంటిలోని తెరయు జంగమునకు, అనగా ఎదుటనున్న సమాజమునకు, చెందినదని తలచి పొరుగువారి బిడ్డకు చాపవేసిన ఇల్లాలికి ఎవరును ఆ మాటను బోధింపనక్కరలేదు. ఫోను సంగతి అంత సులువుగా తేలలేదు. టి.వి. ఇంటిలో ఉండును, ఫోను తండ్రితో పోవును. తండ్రి లారీ ఎక్కినను, మిల్లులో హమాలీకి పోయినను, పొలమునకు మోటారు వేయబోయినను ఫోను ఆయన జేబులోనే. ఉదయము పది గంటలకు వచ్చిన పాఠము రాత్రి ఎనిమిది గంటలకు బిడ్డ చేతికందును. అప్పటికి బ్యాటరీ అడుగంటి యుండును. ఒక ఫోనుకు ఇద్దరు ముగ్గురు పిల్లలున్నచో ఎవరి వంతు ముందు అను తగవు వేరొకటి. బడులు తెరచి ఇన్నేండ్లయినను, వాట్సాప్‌లో ఇంటిపని పంపుట కొన్నిచోట్ల అలవాటుగా నిలిచిపోయినది. అట్లు పంపువారు, ఆ తగవు ఇంకను ప్రతి సాయంత్రము పేదవాని ఇంట జరుగుచున్నదని గుర్తించినట్లు లేదు.

దూరమునుండి తెరపై పాఠము చెప్పు ప్రయత్నము ఇది మొదటిది కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు భారతదేశములో ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగము జరిగినది. అమెరికానుండి ఒక సంవత్సరమునకు ఎరువు తెచ్చిన ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహము సాయమున, ఆరు రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములకు కార్యక్రమములు అందినవి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, కర్ణాటకము ఒకటి. కర్ణాటకమున ఎన్నుకొన్నవి గుల్బర్గా, రాయచూరు, బిజాపూరు జిల్లాలు. బిజాపూరు జిల్లాలోనిదే బసవన్న పుట్టిన బాగేవాడి. పైకప్పులపై కోళ్ల గూటికి వాడు తీగవలవంటి వలతో చేసిన పెద్ద గొడుగులు నిలిపి, ఉదయము పూట ఒక్కొక్క భాషకు 22½ నిమిషముల చొప్పున బడిపిల్లలకు పాఠములు చూపిరి. ఇరువది రెండున్నర నిమిషములు మాత్రమే. మిగిలిన దినమంతయు పంతులుగారిదే. ఈ కొలతలో ఒక వివేకమున్నది. చెప్పదలచినది చెప్పి తెర ఆరిపోయెడిది. చూచినదానిని గూర్చి పిల్లలు ప్రశ్నించుటకు ఎదుట మనిషి యుండెడివాడు. సంవత్సరము నిండగానే ఎరువు తెచ్చిన ఉపగ్రహము తిరిగిపోయినది. భూమిమీది ప్రసారకేంద్రముల పరిధిలోనికి వచ్చిన ఊళ్లకు తప్ప తక్కినవానికి ప్రసారము నిలిచిపోయినది. గొడుగు పోయిన ఊళ్లలోను పంతులు మాత్రము మిగిలెను.

నేటి తెరకు ఆరిపోవు గడియ లేదు. ప్రధాన భేదమంతయు ఇందులోనే యున్నది.

2017 సెప్టెంబరు 5న కేంద్ర ప్రభుత్వము దీక్ష అను పేరుతో ఒక విద్యావేదికను ఆరంభించినది. పాఠ్యపుస్తకములలో చతురస్రపు గళ్ల ముద్రలు అచ్చువేసి, ఫోనుతో ఆ ముద్రను చూపినచో పాఠమునకు సంబంధించిన దృశ్యము తెరచుకొనునట్లు ఏర్పరచిరి. (గురువు లేక లభించు దీక్ష ఏమి దీక్ష అని వీరశైవులకు నవ్వు రావచ్చును, పేరు పెట్టినవారి ఉద్దేశము మంచిదే.) ఇటీవలి కాలమున తెలంగాణలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల తరగతి గదులలో వ్రేలితో తాకి నడుపు పెద్ద తెరలు అమర్చుచు వచ్చిరి. వీనివలన కలిగిన మేలును కాదనుట అన్యాయము. ప్రయోగశాల లేని పల్లెబడిలో గుండె కవాటములు తెరచుకొని మూసుకొనుటను కన్నులారా చూపగలిగినది ఈ తెరయే. చూపులేని విద్యార్థికి పుస్తకమును చదివి వినిపించునదియు ఈ ఫోనే. అతనికిది విలాసము కాదు, చేతికఱ్ఱ. కావున తెర వలదు అను మాట శరణమార్గమునకు తగినది కాదు. ఎంత, ఎప్పుడు, ఎవరి పనికి అన్నదే విచారము.

ఈ కొలతను గూర్చి శరణుల చరిత్రలో ఆయ్దక్కి మారయ్య, ఆయన సహధర్మచారిణి లక్కమ్మల కథకు మించిన పాఠము లేదు. రాలిన బియ్యపుగింజలను ఏరితెచ్చుట మారయ్య కాయకము. ఆయన పేరులోని మాటకు అర్థము కూడ అదియే. మిర్యాలగూడ రైసుమిల్లుల ముంగిట, ధాన్యపు బస్తాలు దిగుచోట నేలపై గింజలు రాలుట చూచినవారికి ఈ కాయకమును వేరుగ వర్ణింపనక్కరలేదు. ఆ గింజలతోనే దంపతులు జంగములకు దాసోహము జరిపెడివారు. ఒకనాడు మారయ్య బసవన్న ముంగిటనుండి నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది ఆశకు గుర్తు, దీనిని ఎక్కడనుండి తెచ్చితిరో అక్కడనే పోసిరండని తిరుగ పంపెను. గమనింపవలసినది ఏమనగా, ఆ బియ్యములో దోషమేమియు లేదు. దొంగిలించినది కాదు; బసవన్నవంటి మహానుభావుని ముంగిటిదే. వస్తువు మంచిదైనంత మాత్రమున ఎంతైనను తీసికొనవచ్చునని ఆమె అంగీకరింపలేదు.

ఇదే దంపతులను గూర్చి ఇంకొక ఘట్టము చెప్పుదురు. మారయ్య అనుభవ మంటపమున తత్త్వచర్చలో మునిగి, తన కాయకమును మరచి కూర్చుండెను. అప్పుడును లక్కమ్మయే వచ్చి, నీ పని ఆగిపోయినది, లెమ్మని హెచ్చరించెను. చర్చ చేయుచున్నవారు సామాన్యులు కారు. చర్చింపబడుచున్న విషయము శివతత్త్వము. అంత గొప్ప మాటలను వినుట కూడ తన పనిని తాను చేయకుండుటకు సాకు కారాదు.

ఈ రెండు ఘట్టములను తరగతి గదికి అన్వయించినచో నేటి చిక్కు చాలవరకు విప్పుకొనును. అశ్లీలము, హింస, జూదము – ఇవి పిల్లలకు కూడదని అందరును ఒప్పుకొందురు. దానికి ధర్మవిచారము అక్కరలేదు. కష్టమైన ప్రశ్న మంచి వీడియోలను గూర్చినది. భిన్నములను చక్కగా వివరించు వీడియో ఒకటి చూచిన బాలుడు, దానివెంట తెర తనంతట తానే అందించు రెండవదానిని, మూడవదానిని చూచును. అన్నియు లెక్కలే, అన్నియు మంచివే. గంట గడచును. పలకపై ఒక్క భిన్నమును కూడినది లేదు. అడుగగా, అంతయు అర్థమైనదని చెప్పును; అబద్ధము కాదు, అతనికట్లే తోచును. ఇతరుడు లెక్కచేయుట చూచిన తృప్తిని తాను చేసిన తృప్తిగా భ్రమించుట ఈ ఉపకరణము కలిగించు దోషములలో సూక్ష్మమైనది, కనుకనే ప్రమాదకరమైనది. అట్టివేళ లక్కమ్మ పాత్రను ఎవరో ఒకరు వహింపవలెను. తరగతిలో ఉపాధ్యాయుడు, ఇంటిలో తల్లియో తాతయో. పాఠమునకు కావలసిన నాలుగు నిమిషములు చూపి, తెర ఆర్పి, మిగిలినదానిని ఎక్కడిదక్కడ వదలి, ఇక నీవు చేయుమని పలకనో పుస్తకమునో చేతికిచ్చు మనిషి కావలెను. ఆ నాలుగు నిమిషములను ముందుగా తాను చూచి ఏరియుంచుట ఉపాధ్యాయుని కాయకము. ఏరుట అను పని లేనిదే బియ్యములో రాళ్లు మిగులును. తెరను వెలిగించి తాను ప్రక్కకు తొలగిన ఉపాధ్యాయుడు జీతము తీసికొన్నను కాయకము చేసినవాడు కాడు.

పరిస్థితి ఏ మేరకు వచ్చినదో తెలియుటకు ప్రథమ్ సంస్థ జరుపు అసర్ సర్వేలోని అంకెలు కొంత తోడ్పడును. 2024 సర్వేలో గ్రామీణ భారతమున 14 నుండి 16 ఏండ్ల వయస్సువారిలో నూటికి 82 మంది స్మార్ట్‌ఫోను వాడుట తెలియునని చెప్పిరి. వారిలో గడచిన వారమున చదువు సంబంధమైన పనికి దానిని వాడినవారు నూటికి 57. సామాజిక మాధ్యమములకు వాడినవారు నూటికి 76. చదువు పేరుతో ఇంటికి వచ్చిన వస్తువు చదువుకంటె ఎక్కువగా దేనికి వాడబడుచున్నదో ఈ అంకెలే చెప్పుచున్నవి. పిల్లలను మాత్రమే నిందించుట తగదు. ఆ వేదికలను నడుపు సంస్థలకు రాబడి ప్రకటనలనుండి వచ్చును. చూచువాని కన్ను తెరపై ఎంతసేపు నిలిచిన అంత లాభము. కావున ఆ కన్ను కదలకుండునట్లు వానిని నిర్మించిరి. ఎడమకాలువ తూమును ఎత్తి వదలివేసినవాడు, పొలమెందుకు మునిగినదని వరిని అడుగడు.

వీరశైవులకు ఇచట ఇంకొక విచారము కలదు. ఇది ఇతరులకంటె వారికే ఎక్కువగా తట్టవలసినది. గురువు శిష్యుని అరచేతిలో ఇష్టలింగమును ఉంచును. దానిని ఎడమ అరచేత నిలిపి, కన్నుల ఎదుట పెట్టుకొని, చూపును చెదరనీయక నిలుపుటయే శివయోగ సాధనకు ప్రారంభము. చెల్లాచెదరైన మనస్సును ఒక బిందువునకు తెచ్చుట దాని ప్రయోజనము. ఎనిమిదేండ్లకు దీక్ష పొందిన బిడ్డ ఉదయము ఆ చేత లింగమును పట్టును. పగలంతయు ఆ చేతనే ఫోనును పట్టును. రెండును అరచేతిలోనివే, రెండును చూపును కోరునవే. ఒకటి చూపును కూడదీయును. రెండవది, సెకనుకొక బొమ్మ చొప్పున, చూపును ముక్కలు చేయును. రోజుకు పది నిమిషములు కూడదీసి నాలుగు గంటలు చెదరగొట్టినచో ఏది నిలుచునో లెక్క కష్టము కాదు. గురువు లింగమునిచ్చునప్పుడు శిష్యుని యోగ్యతను చూచును, నియమములు చెప్పును, మంత్రమునిచ్చును. ఫోనును ఇచ్చునది ఎవరు? ఏడ్చుచున్న రెండేండ్ల బిడ్డ నోరు మూయించుటకు, అన్నము ముద్ద మ్రింగించుటకు, తల్లియే. నియమమును లేదు, హెచ్చరికయు లేదు. తరువాత పదేండ్లకు బడిపంతులు ఆ అలవాటును మాన్పవలెనని కోరుదురు.

లోకమంతయు ఈ చిక్కులోనే యున్నది. ఫ్రాన్సు దేశము 2018లోనే పదునైదేండ్ల లోపు పిల్లల బడులలో ఫోను వాడకమును చట్టముచే నిషేధించెను. తెరలవైపు చాల దూరము పోయిన స్వీడన్ 2023లో అచ్చు పుస్తకములకు మరల ధనము కేటాయించెను. ఆ సంవత్సరమే యునెస్కో వెలువరించిన విద్యా పరిశీలన నివేదిక, విద్యలో ఈ సాంకేతికత ఎవరి షరతులపై నడచుచున్నదని సూటిగా అడిగినది. 2025 డిసెంబరు 10 నుండి ఆస్ట్రేలియాలో పదునారేండ్ల లోపువారికి ప్రధాన సామాజిక మాధ్యమములలో ఖాతాలు కూడవన్న చట్టము అమలులోనికి వచ్చినది. ఈ దేశములు బీదవి కావు, యంత్రద్వేషులును కారు. వాడి చూచి వెనుకకు తగ్గినవారు. మఠముల వసతిగృహములలోను, వీరశైవ విద్యాసంస్థలలోను ఫోనును పూర్తిగా నిషేధించు పద్ధతి ఉన్నచో అది మొరటుతనమని నవ్వవలసిన పని లేదు. చిన్నపిల్లల విషయమున అది సరియైనదే. అయితే నిషేధముతో పని ముగిసినదనుకొనుట పొరపాటు. పదవ తరగతి దాటి హైదరాబాదు చేరిన నాడు అదే విద్యార్థి చేతికి, ఏ శిక్షణయు లేక, ఫోను ఒక్కసారిగా వచ్చును. చట్టము చేతిని కట్టగలదు. చూపును నిలుపుట సాధన చేతనే అగును. పదిహేనేండ్లవానికి పెద్దల ఎదుట, కొలతతో వాడుట నేర్పకున్నచో వాడు ఎవరును లేనిచోట, కొలత లేక నేర్చుకొనును.

నేర్పవలసినదానిలో మొదటిది అంకితము. ప్రతి వచనమునకును చివర అంకితముండుట శరణులు ఏర్పరచిన మర్యాద. కూడలసంగమదేవుని పేరున్నచో బసవన్నదనియు, చెన్నమల్లికార్జునుని పేరున్నచో అక్కమహాదేవిదనియు, గుహేశ్వరుని పేరున్నచో అల్లమప్రభువుదనియు తెలియును. మాట ఎవరిదో, దానికి బాధ్యుడెవడో ఆ మాటలోనే చెప్పుట ఎంత గొప్ప ఏర్పాటో, నేడు ఫోనులో ఊరుపేరు లేని వార్తలు పంపకమగుచున్న కాలమున గాని తెలియలేదు. బసవన్న చిత్రముక్రింద ఎవరో వ్రాసిన సూక్తులను ఆయనవే యని భక్తితో పదిమందికి పంపువారు సమాజములో తక్కువగా లేరు. అంకితమున్నదా, ఏ సంపుటములోనిది అని ఒక్క క్షణము చూచువారు తక్కువ. అంకితమును మార్చుట ఎంతటి విషయమో కర్ణాటకమున న్యాయస్థానము వరకు పోయి తేలినది. కూడలసంగమదేవ అను ముద్రను మార్చి బసవ వచనములను ప్రచురించిన గ్రంథమును 1998లో ఆ రాష్ట్ర ప్రభుత్వము నిషేధించెను. 2017లో సుప్రీంకోర్టు ఆ నిషేధమును నిలిపెను. తరగతిలో తెరపై ఒక విషయము చూపిన ప్రతిసారి, దీని అంకితమేది యని పిల్లలు అడుగునట్లు చేసినచో – ఎవరు చెప్పిరి, ఎప్పుడు చెప్పిరి, వారికి దీనివలన లాభమేమి – డిజిటల్ వివేకమునకు వేరొక పాఠ్యపుస్తకము అక్కరలేకపోవచ్చును.

కృత్రిమ మేధ వచ్చిన తరువాత ఈ ప్రశ్నకు పదును హెచ్చినది. వ్యాసమడిగినచో వ్యాసమును, లెక్కనడిగినచో లెక్కను అది క్షణములో ఇచ్చుచున్నది. విద్యార్థి దానిక్రింద తన పేరు వ్రాసి పంతులుగారికిచ్చుచున్నాడు. ఇది కాపీకొట్టుటవంటిదే యని కొందరు తేలికగా తీసివేయుదురు. అంతకంటె లోతైనది. ప్రక్కవాని కాగితము చూచి వ్రాసినవానికి తాను దొంగిలించితినని తెలియును. ఇచట దోచుకొనబడిన మనిషి కనబడడు. కనుక దోషభావమును కలుగదు. అయినను ఒకడు నష్టపోయినాడు – ఆ పేరుగలవాడే. వానికి రావలసిన శక్తి రాలేదు. అనుభవము లేని మాట వచనము కాదని అనుభవ మంటపము భావించినది; ఆ మంటపమునకు ఆ పేరు ఊరక రాలేదు. అదే యంత్రమును, తాను వ్రాసిన వ్యాసములో తప్పులెక్కడ యని అడుగుటకు వాడు విద్యార్థి వేరు. వాని కాయకము ముందు జరిగినది; తోడు తరువాత వచ్చినది. ఈ వరుస మారకుండ చూచుటయే ఉపాధ్యాయుని పని.

యంత్రమును కాయకమునకు లోబరచిన దృష్టాంతము సమాజ చరిత్రలోనే కలదు. బిజాపూరులో న్యాయవాదియైన ఫ.గు. హళకట్టి (1880–1964) ఊరూర తిరిగి, ఇండ్ల అటుకులపైనను మఠముల పెట్టెలలోను పడియున్న తాటాకు ప్రతులను సేకరించి, సరిపోల్చి, 1923లో వచన శాస్త్ర సారమును వెలువరించెను. తరువాత ఇల్లమ్మి ముద్రణాలయము పెట్టెనని ప్రసిద్ధి. 1926లో శివానుభవ పత్రికను ఆరంభించెను. అచ్చుయంత్రము నాడు కొత్త వస్తువే. చవక నవలలును, అబద్ధపు ప్రకటనలును దానిపైననే అచ్చయ్యెడివి. ఆయన యంత్రమును తిట్టలేదు, దానికి మ్రొక్కనులేదు. ఏండ్ల తరబడి చేతితో చేసిన పని ముందు, యంత్రము తరువాత. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో చెప్పుట కూడ, జనుల నోట పలుకునట్టి సాధనమును ఎరిగి ఎన్నుకొనుటయే. 1369లో భీమకవి దానిని కన్నడమునకు కొనిపోయెను. నేడు వచనములు ఇంటర్నెట్టులో ఒక్క మాటతో వెదకిన దొరకుచున్నవి. ఆ వెదకుట సుఖముగ జరుగుచున్నది హళకట్టి నడచినందున.

ఇక సమానత్వము సంగతి. అసర్ 2023 సర్వేలో, స్మార్ట్‌ఫోను వాడుట తెలిసిన 14–18 ఏండ్ల బాలురలో నూటికి సుమారు 44 మందికి సొంత ఫోనుండగా, బాలికలలో అట్టివారు నూటికి 20 మంది మాత్రమే. కొడుకుకు చదువునకని ఫోనుకొని, కూతురునకు అదుపునకని నిరాకరించు ఇండ్లలో బసవన్న పటము గోడపై వ్రేలాడుచుండుట సాధారణ దృశ్యము. అక్కమహాదేవిని మంటపమునకు ఆహ్వానించి, ప్రశ్నించి, ఆమె సమాధానములకు తలవంచిన పరంపర ఇది. ఫోను వలన ఆడపిల్లకు ప్రమాదమున్నదను మాటలో కొంత నిజమున్నది. అయితే ఆ ప్రమాదమును కలిగించునది చాలమారు ఎవరో ఇంటి కొడుకు చేతిలోని ఫోనే. అదుపు ఎవరికి ముందు కావలెనో తలిదండ్రులు విచారింపవలెను.

పిల్లల చిత్రములను గూర్చి ఒక్క మాట. బడిలో పాటపాడినను, బహుమతి పొందినను, మధ్యాహ్న భోజనము తినుచున్నను చిత్రము తీసి లోకమునకు పెట్టుట ఆచారమైపోయినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్ల లోపువారి సమాచారమును వాడుటకు తలిదండ్రుల అనుమతి ఉండవలెనని నిర్దేశించినది. చట్టము లేకున్నను, ఉచిత నోటుపుస్తకము అందుకొనుచున్న బిడ్డ ముఖమును ప్రకటించుట దాసోహ ధర్మమునకు విరుద్ధము. దాసోహమున ఇచ్చువాడే దాసుడు; పుచ్చుకొనువాని ముఖము చూపి తన కీర్తిని చాటువాడు దాత కావచ్చును గాని దాసోహి కాడు. ఈ దోషము సర్కారు బడులలోనే కాదు, ధార్మిక సంస్థల వేడుకలలోను కలదు.

తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమారస్వామివారు (1907–2019) అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును వేలాది పిల్లలకు నడిపిరి. ఆ అక్షర దాసోహములో నేడు తెరకును కొంత చోటు ఏర్పడినది. మాడుగులపల్లివంటి మండలములలో పెద్ద మఠములు లేకపోయినను, సమాజపు వసతిగృహమో, శివాలయమునానుకొన్న గదియో, నాలుగిండ్లవారు కలిసి సమకూర్చుకొన్న స్థలమో ఏర్పడుట కష్టము కాదు. ఒక గది, ఒక కంప్యూటరు, కొన్ని పుస్తకములు, గోడపై గడియారము. సాయంత్రము గంటసేపు ఇంటిలో ఫోను లేని పిల్లలకు ముందు వంతు. బాలికలకు బాలురతో సమానముగ వంతు. తెర ఎదురుగ తలుపువైపు తిరిగియుండవలెను, తలుపు తెరచి యుండవలెను, పెద్దవారొకరు ప్రక్కన కూర్చొని తమ ఫోనును అటకపై పెట్టియుండవలెను. చూచినదానిని నోటుపుస్తకములో వ్రాసి చూపిన తరువాతనే రెండవ పాఠము. చిత్రములు తీయరాదు. వారమునకొకనాడు తెర వెలిగింపక, ఆ వారము నేర్చినదానిని పిల్లలే ఒకరికొకరు చెప్పుకొనవలెను. అందులో పెద్దలు కూర్చొని వినవలెను. ఖర్చు పెద్దది కాదు. కష్టమెల్ల ప్రతి సాయంత్రము గంటసేపు వచ్చి కూర్చొను పెద్దవారిని వెదకుటలో నున్నది. వారికి ఏ గౌరవము చేయవలెను, గది తాళపుచెవి ఎవరియొద్ద ఉండవలెను అను సంగతులను ఆయా ఊరివారే తేల్చుకొనవలసియున్నది.